ఇల్లంతా బతుకమ్మే!

తెల్లగోడలు, నున్నటి అల్మరాలు, టేబుల్ మీద ఒకే ఒక్క పూలకుండీ... ఇప్పుడు ఇల్లంటే అలాగే ఉండాలట! మరి ముప్ఫై ఏళ్లకు పైగా షోకేసులో కొలువుదీరిన బొమ్మలన్నీ ఎక్కడికెళ్లాలి? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కి మారిన ఓ కుటుంబం ఆ ప్రశ్నకు వెతుక్కున్న జవాబు ఇది.

అట్టపెట్టెలు మొత్తం ముప్ఫై ఏడు. వంటింటి సామాన్లవి పదకొండు, బట్టలవి తొమ్మిది, పుస్తకాలవి మూడు. మిగిలిన పద్నాలుగింటి మీదా స్కెచ్‌పెన్నుతో రాసింది ఒకటే మాట... 'షోకేసు'.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డుకు నాలుగు గల్లీల అవతల, 1986లో కట్టుకున్న ఇల్లది. షాబాద్ బండల నేల. ముందు చిన్న వరండా. హాల్లోకి అడుగుపెడితే ఎదురుగా గోడంత షోకేసు. అందులో ఏముండేవి అని కాదు, ఏం లేవు అని అడగాలి! కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, నిజం పళ్లేమో అనిపించే నిర్మల్ మామిడి, సీతాఫలం, పెంబర్తి ఇత్తడి పళ్లెం, చేర్యాల ముఖాలు, పెళ్లిలో చదివించిన గడియారం, అబ్బాయి ఏడో తరగతిలో గెలుచుకున్న కప్పు, వాటి మధ్యలో ప్లాస్టిక్ గులాబీలు. షోకేసు చాలక గోడల మీదికి పాకిన దేవుళ్ల పటాలు, పెద్దల ఫొటోలు. సోఫాకి కుట్టుపని కవర్లు, టీవీకి క్రోషియా ముసుగు. వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగేలోపు ఆ గోడ కనీసం మూడు కథలు చెప్పేది.

ఇంటి పెద్దాయన ఆర్టీసీలో కండక్టరు. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయన పోయాక ఇల్లు బోసిపోయింది. మెట్లు దిగడం, వానాకాలం వరండాలోకి వచ్చే నీళ్లతో అవస్థ పడటం పెద్దావిడ వల్ల కాలేదు. రెండేళ్ల కిందట ఇల్లు అమ్మేశారు. ఎల్బీనగర్‌లో పద్నాలుగో అంతస్తులో కొత్త ఫ్లాటు కొన్నారు.

దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. ఎల్బీనగర్ ఏమో నిరాడంబరుడైన లాల్‌బహదూర్ పేరు పెట్టుకున్న చోటు. పేట మారినట్టే ఇంటి స్వభావమూ మారింది!

గోడకు ఒక్క మేకు కూడా...

కొత్త ఫ్లాటుకి డిజైన్ ఎంచుకున్నది కోడలు. బందరు వైపు అమ్మాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున్నే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగాలి. రానూపోనూ రెండు గంటల పైనే. ఇంటికొచ్చేసరికి కళ్లకు కాస్త ఖాళీ కనపడితే చాలనిపించేదట. అందుకే పాలరంగు గోడలు, బూడిదరంగు సోఫా, పిడి కూడా కనిపించని కప్‌బోర్డులు. ఫాల్స్ సీలింగులో దాగిన లైట్లు. టీవీ ఉన్న గోడకు ఒక్క మేకు కూడా కొట్టలేదు.

ఆమె కోరికలో తప్పేముంది? నిండైన ఇల్లు చూడ్డానికి బాగుంటుంది. దులిపేది ఎవరన్నదే ప్రశ్న! చిన్నప్పుడు సంక్రాంతికి వాళ్లింట్లో బొమ్మల కొలువు పెట్టేవారు. పేరంటాళ్లు వచ్చి మెచ్చుకుని, పసుపు కుంకుమలు తీసుకుని వెళ్లిపోయేవారు. పండగయ్యాక వందకు పైగా బొమ్మల్ని తుడిచి, పాత చీరముక్కల్లో చుట్టి, ట్రంకుపెట్టెలో సర్దే పని మాత్రం ఆ ఇంటి ఆడపిల్లలదే. షోకేసంటే ఆమెకు మొదట గుర్తొచ్చేది ఆ దుమ్మే.

పైగా ఖాళీ గోడకు లోకం మద్దతు కూడా ఉంది. అలంకారం నాగరికతకు తగదంటూ వియన్నా వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ 1910 ప్రాంతంలో ఉపన్యాసాలిచ్చాడు. తక్కువ ఉంటేనే ఎక్కువ అన్నది ఆ తరవాత అందరి నోటా నానిన సూత్రం. అమెరికా వాస్తుశిల్పి రాబర్ట్ వెంచూరి 1966లో దానికి ఎదురుతిరిగాడు. తక్కువైతే విసుగేనని కొట్టిపారేశాడు. 1981లో ఇటలీలోని మిలాన్‌లో ఎత్తోరె సోట్సాస్ బృందం మెంఫిస్ పేరుతో గళ్లు, చుక్కలు, గులాబీ, పసుపు కలిపి కుర్చీలూ బీరువాలూ చేసి ఔరా అనిపించింది. రంగుల్నీ వస్తువుల్నీ దాపరికం లేకుండా ఇంటినిండా పరిచే ఈ పద్ధతికి ఇప్పుడు మాగ్జిమలిజం అని పేరు. విదేశీ పేరు వినగానే కొత్తగా అనిపిస్తుంది కానీ, మన అమ్మమ్మల హాళ్లకి ఇది పాత చుట్టమే!

సరే, పద్నాలుగు పెట్టెల సంగతేంటి? బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన పేర్చి, పైన నీలం టార్పాలిన్ కప్పారు. పెద్దావిడ ఏమీ అనలేదు.

"పెట్టెలల్లనే ఉండనీ బిడ్డా... అవి ఎవరికి అడ్డం?" అన్నదంతే.

మూడు స్టేషన్ల దూరం

మాట అనలేదు కానీ, సాయంత్రమయ్యేసరికి ఆవిడ ఇంట్లో ఉండేది కాదు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కేది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి... మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. ఈ దారిలో 2018 సెప్టెంబరులో మెట్రో మొదలయ్యాక మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ ఆ ప్రయాణం సులువైంది. దిగి, సాయిబాబా గుడిలో కాసేపు కూర్చుని, ఫుట్‌పాత్ మీద దుప్పట్లు, గాజులు, స్టీలు సామాన్ల బేరాలు వింటూ నడిచి, మళ్లీ రైలెక్కేది. పాత గల్లీలోకి మాత్రం వెళ్లేది కాదు. అక్కడ ఇల్లు కూలగొట్టి పిల్లర్లు లేపుతున్నారు మరి.

"కొత్తిల్లు నచ్చలేదా అమ్మా?" అని కొడుకు ఓ రోజు అడిగాడు.

"మంచిగుంది. సుట్టాల ఇంటికి వచ్చినట్టుంది."

చుట్టాలింటికి ఎవరైనా ఎన్నాళ్లుంటారు? ఆ మాట కోడలికి గుచ్చుకుంది. అయినా ఏం చేయాలో తోచలేదు. ఓ ఆదివారం కింద ఆటోలోంచి మైకు వినిపించింది... పాత సామాన్లు కొంటామని. బాల్కనీ ఖాళీ అవుతుంది కదా, సగమైనా ఇచ్చేద్దామా అని భార్యాభర్తలిద్దరూ గుసగుసగా అనుకున్నారు. వంటింట్లో ఉన్న పెద్దావిడ అది వినే ఉంటుంది. ఆ పూట చేతిలోని చపాతీపీట కడిగిందే కడిగింది.

బొమ్మ అడుగున...

కథ మలుపు తిప్పింది మూడో తరగతి చదివే మనవరాలు. బళ్లో హోంవర్కు ఇచ్చారు... 'మా తాతయ్య' మీద పది వాక్యాలు రాసి, ఆయన వాడిన వస్తువు ఒకటి తీసుకురావాలి. తాత వాడిన వస్తువేది? టార్పాలిన్ తీశారు. మొదటి పెట్టె విప్పారు. చేతికొచ్చింది కొండపల్లి ఏనుగు.

పిల్ల దాన్ని తిరగేసింది. "అమ్మా, ఇక్కడేదో రాసుంది!"

అడుగున నీలం బాల్‌పెన్నుతో, చిన్న అక్షరాల్లో... 'బెజవాడ డ్యూటీ, 12-1-91.' కోడలు ఇంకో బొమ్మ తీసింది. 'నిర్మల్, 3-8-88. బాబు పుట్టిన మూడో వారం.' పెంబర్తి పళ్లెం వెనక అతికించిన కాగితం మీద 'వరంగల్ రూటు, బోనస్ డబ్బులు.' చేర్యాల ముఖం లోపల 'జనగామలో టైరు పంచరు, రెండు గంటలు.' ఇలా ఒక్కో బొమ్మా తిరగేస్తుంటే ఒక్కో ప్రయాణం బయటపడింది. రోజంతా టికెట్లు కొట్టి, లెక్కలు రాసిన పెన్నుతోనే ఆయన తన జీవితాన్నీ బొమ్మల అడుగున రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్లు దులిపిన ఇల్లాలికి ఆ సంగతి తెలుసు. కొడుక్కే తెలియదు!

'బాబు పుట్టిన మూడో వారం' అన్న సీతాఫలాన్ని అతను చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇచ్చేద్దామనుకున్న పెట్టెల్లో అదీ ఉంది.

ఆ రాత్రే కోడలు అడిగింది. "అత్తయ్యా, ఈ టీవీ గోడ మీరు తీసుకోండి. మీకు ఎలా కావాలంటే అలా పెట్టుకోండి."

జాతర దుకాణంలా...

కోరిక తీరింది కాబట్టి కథ కంచికి అనుకోవద్దు. అసలు కష్టం అక్కడే మొదలైంది!

ముందుగా గోడ లొంగలేదు. ఈ తరహా ఎత్తయిన భవనాల్లో చాలావాటికి ఇటుక గోడలు ఉండవు. అల్యూమినియం చట్రాల్లో పోసిన కాంక్రీటు గోడలే. మామూలు డ్రిల్లు గీసి ఊరుకుంటుంది. హ్యామర్ డ్రిల్లుతో వచ్చిన కుర్రాడు, లోపల కరెంటు పైపు ఏ దారిన వెళ్లిందో నక్షా చూపిస్తే తప్ప చెయ్యి పెట్టనన్నాడు. అదీ నిజమే. ఎలాగో అరలు బిగించారు. పెట్టెలన్నీ విప్పి, ఉన్నవన్నీ ఎక్కించారు. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే... జాతరలో బొమ్మల దుకాణం! పాలరంగు గోడ మీద ప్రతి బొమ్మా నన్ను చూడమంటే నన్ను చూడమని అరుస్తోంది. పాత ఇంట్లో ముచ్చటగా ఉన్నవే ఇక్కడ చిందరవందరగా కనిపించాయి.

పెద్దావిడ ముఖం చిన్నబోయింది. "తీసెయ్యిరి" అంది.

కోడలు వినలేదు. ఆ వారాంతంలో అందరూ ఎంజీబీఎస్ దాకా మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియానికి చేరుకున్నారు. ఒకే మనిషి ఇంటి నిండా వస్తువులు పోగేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అంతకు మించిన చోటు హైదరాబాద్‌లో ఏముంది? మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ 1949లో చనిపోయేదాకా కొంటూనే ఉన్నాడు. ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ మ్యూజియాన్ని ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది 1968లో. ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం దగ్గర కోడలు ఆగిపోయింది. గంట కొట్టడానికి గడియారంలోంచి చిన్న మనిషి ఎప్పుడొస్తాడా అని పిల్ల ఎదురుచూసింది. పెద్దావిడ మాత్రం చుట్టూ చూసి నవ్వింది.

"ఆయనకు పెండ్లి గాలేదట గద... గిన్ని సామాన్లు ఎవరు దులపాలె అని అడిగేటోళ్లు లేకపాయె!"

నవ్వులాటగా అన్నా, తిరిగొచ్చేటప్పుడు ఆవిడే ఒక సంగతి పట్టుకుంది. అక్కడ వేల వస్తువులున్నా కళ్లు అలిసిపోలేదు. ఎందుకని? దంతపువి ఒక గదిలో, గడియారాలు ఒక గదిలో, పింగాణీ ఒక గదిలో... దేని వరస దానిది.

"వరసంటే గుర్తొచ్చింది. మనం బతుకమ్మ పేర్చినట్టు పేర్వాలె బిడ్డా" అంది.

తంగేడు, గునుగు, బంతి

బతుకమ్మను పేర్చడం చూసినవాళ్లకి ఆ మాట వెంటనే అర్థమవుతుంది. తాంబాళంలో ముందు ఆకులు పరుస్తారు. అంచు చుట్టూ తంగేడు పూలు. దాని మీద ఒక వరస గునుగు. తెల్లటి గునుగును కట్టలు కట్టి, కొనలకు ఎరుపు, నీలం, పచ్చ రంగులు అద్దుతారు. మళ్లీ బంతి, చామంతి, కట్ల పూలు. ఒక్కో వరసకి ఒక్కో రంగు. కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం. చివర పసుపు గౌరమ్మ. వందల పూలుంటాయి. అయినా దాన్ని చిందరవందర అని ఎవరైనా అంటారా? నిండుదనానికి మన ఆడవాళ్లు ఎప్పుడో రాసుకున్న వ్యాకరణం అది! బొమ్మల కొలువుకీ అలాంటి లెక్కే ఉంది. మూడో, అయిదో, ఏడో బేసి మెట్లు. ప్రతి మెట్టుకీ ఒక వరస.

అంతే, సూర్యాపేట బతుకమ్మా, బందరు బొమ్మల కొలువూ ఎల్బీనగర్ గోడ మీద వియ్యమందాయి.

ముందు ఆకులు... అంటే గోడ రంగు. పాలరంగు తీసేసి నెమలికంఠం రంగు వేయించారు. కొడుకు కాస్త భయపడ్డాడు. హాలు చీకటైపోతుందేమోనని! కానీ చిక్కటి రంగు మీదికి రాగానే అరిచే బొమ్మలన్నీ ఒక్క గొంతుతో పాడటం మొదలుపెట్టాయి. లేత గోడ ప్రతి వస్తువు అంచునీ విడదీసి చూపిస్తుంది. ముదురు గోడ వాటిని తనలో కలుపుకొంటుంది. తెల్లటి లైట్లు తీసేసి పసుపు కాంతి లైట్లు పెట్టేసరికి పెంబర్తి ఇత్తడి మెరిసింది.

తరవాత తంగేడు... అడుగున ఇత్తడి బిందెలు, పెద్ద పళ్లెం. బరువైనవీ పెద్దవీ కిందే ఉండాలి. ఆ పైన ఒక వరస కొండపల్లి. ఆ పైన నిర్మల్ పళ్లు. మధ్యలో చేర్యాల ముఖాల ఎరుపు. గునుగు లాగా ఆ ఎరుపే హాల్లో మరో రెండుచోట్ల కనపడాలంది పెద్దావిడ. అలా పాత పోచంపల్లి పట్టుచీర ఒకటి కిటికీ కర్టెనైంది. దాని చెంగులోని ముక్క బూడిదరంగు సోఫా మీద దిండు గలీబైంది. గౌరమ్మ చోటు? పై అరలో పెద్దాయన ఫొటో, పక్కన ఆయన టికెట్ల సంచి.

అన్నీ పెట్టారా అంటే, లేదు. నూట పన్నెండు వస్తువుల్లో గోడెక్కింది నలభై మూడే. మిగతావి పాత చీరముక్కల్లో చుట్టుకుని సజ్జ మీదున్నాయి. సంక్రాంతికి కొన్ని దిగుతాయి, దసరాకి కొన్ని. కొలువు బొమ్మలు ఏడాదంతా మెట్ల మీదే ఉంటే పేరంటానికి ఎవరొస్తారు? ఇది కోడలి మాట. 

మరి దుమ్ము?

అదీ తేల్చుకున్నాకే అరలు నింపారు. కింది రెండు వరసలు నానమ్మవి. మధ్యవి మనవరాలివి. పొడుగ్గా ఉంటాడు కాబట్టి పై వరసలు కొడుకువి. ప్రతి ఆదివారం టిఫినయ్యాక స్టూలెక్కాల్సిందే! కోడలికి ఏ వరసా లేదు. చిన్నప్పటి బాకీ అలా తీరింది.

ఎలా తుడవాలో కూడా పెద్దావిడ దగ్గరే నేర్చుకున్నారు. కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్లపొణికి కర్రతో చేసినవి. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటి కాళ్లూ చేతులూ అతికిస్తారు. తడిగుడ్డ తగిలితే రంగూ పోతుంది, అతుకూ ఊడుతుంది. మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు. ఇత్తడికి మాత్రం చింతపండే మందు. పడమటి ఎండ నేరుగా పడేచోట రంగుల బొమ్మలేవీ పెట్టకూడదు, వెలిసిపోతాయి.

కొత్త ఫ్లాటు చూడ్డానికొచ్చిన వాళ్లలో కొందరు ఇంత నిండుగా ఎందుకన్నారు. కొందరు ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన మాత్రం బొమ్మ అడుగున రాత చదివి, తమ సజ్జ మీద పెట్టెలో ఏముందో ఈ వారమే చూడాలంటూ తొందరగా లేచి వెళ్లిపోయాడు. నిండైన ఇల్లంటే వస్తువులు ఎక్కువున్న ఇల్లు కాదు. ఒక్కో వస్తువునీ చూపించి ఇది ఎక్కడిదో, ఎవరు తెచ్చారో చెప్పగలిగిన ఇల్లు. ఆ చెప్పే మనిషికి చోటున్న ఇల్లు.

పెద్దావిడ సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లడం మానేసిందా? ఎక్కడా! రోజూ కాదు కానీ వారానికోసారి వెళ్తుంది. మొన్న శనివారం తిరిగొస్తూ ఫుట్‌పాత్ మీద బేరమాడి ఓ చిలకను తెచ్చింది. ప్లాస్టిక్‌ది. ముదురు గులాబీ రంగు. మీట నొక్కితే కూస్తుంది కూడా!

కోడలు దాన్ని చూసింది. గోడని చూసింది. ఒకటి ఎక్కాలంటే ఒకటి దిగాలన్నది ఇంటి నియమం.

"ఏది దించుదామంటారు అత్తయ్యా?"

"ఏదీ వద్దు తియ్. దీన్ని వంటింట్లె పెడదాం" అంది పెద్దావిడ, చిలకను బల్ల మీద పెడుతూ. ఆ రాత్రి పడుకునేముందు మనవరాలు దాన్ని తిరగేసి, అడుగున బాల్‌పెన్నుతో రాసింది... 'దిల్‌సుఖ్‌నగర్ డ్యూటీ, నానమ్మ.'